హామీ పెట్టుబడి – మెట్ట సేద్యం: కర్నూలు–కడప కాలువ ఆర్థిక చరిత్ర

ఉపోద్ఘాతం

వెనుకబడిన ప్రాంతాల ఆర్థికాభివృద్ధిలో వెలుపలి పెట్టుబడి పాత్ర గురించి గత శతాబ్దంలో విస్తృతమైన చర్చ జరిగింది. ఆఫ్రికా దేశాలను దృష్టిలో ఉంచుకొని వాల్టర్ రాడ్నీ 1972లో ప్రకటించిన గ్రంథం ఈ చర్చకు కేంద్రమైంది. ఆఫ్రికా వెనుకబాటు సహజ స్థితి కాదనీ, ఐరోపాతో ఏర్పడిన సంబంధం నుంచే అది పుట్టిందనీ ఆయన ప్రతిపాదించాడు. దానికి దాదాపు వంద సంవత్సరాల ముందే, 1876లో దాదాభాయి నౌరోజీ భారతదేశ దారిద్ర్యంపై చేసిన ప్రసంగాల్లో సంపద తరలింపు సిద్ధాంతాన్ని నిరూపించే ప్రయత్నం చేశాడు. ఈ రెండు వాదాలూ ఖండాలనూ దేశాలనూ ప్రమాణంగా తీసుకున్నవి. ఒక నిర్మాణం, ఒక నది, కొన్ని తాలూకాల రైతులు అనే చిన్న పరిధిలో ఈ ప్రశ్నను పరిశీలించడానికి రాయలసీమలో తగిన ఉదాహరణ ఉంది. అది కర్నూలు–కడప కాలువ. వ్యవహారంలో కె.సి. కాలువ.

లండన్ పెట్టుబడితో నిర్మితమైన ఈ కాలువ ఆర్థికంగా విఫలమైందన్నది చరిత్రకారులందరూ అంగీకరించిన విషయమే. విఫలత్వానికి కారణం ఏమిటన్న దగ్గరే భిన్నాభిప్రాయాలున్నాయి. రైతుల అజ్ఞానం, అలసత్వం, మార్పు పట్ల విముఖత కారణాలని నాటి పాలకవర్గం తరచుగా భావించింది. నష్టభయాన్ని ఎవరు మోశారు, లాభాన్ని ఎవరికి ముందుగా ఖాయం చేశారు అన్న ప్రశ్న వేసుకొంటే ఈ నిర్ధారణ నిలువదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

దత్తమండలాల వ్యవసాయ స్వరూపం

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన బళ్లారి, కడప ప్రాంతాలు దత్తమండలాలుగా ప్రసిద్ధి పొందాయి. 1800 నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో ఇక్కడ రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించుకొనే పద్ధతికి పునాది వేశాడు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో పదవీచ్యుతుణ్ణి చేసిన తరువాత ఆ సంస్థానం కంపెనీ అధీనమైంది. 1858లో కడప, బళ్లారి జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను చేర్చి కర్నూలును ప్రత్యేక జిల్లాగా ఏర్పరచారు. కాలువ చరిత్రకు నేపథ్యమైన మూడు అంశాలు ఇక్కడే ఉన్నాయి. అవి నగదు శిస్తు, రైతువారీ హక్కు, నల్లరేగడి నేల.

కుందూ లోయలోని నల్లరేగడి లోతైన నేల. వాన నీటిని పీల్చుకొని నెలల తరబడి తేమను నిలుపుకొంటుంది. ముంగారు వానలకు కొర్ర, హింగారులో జొన్న, వాటితో పత్తి వేసుకొనే పంటల క్రమం ఈ గుణంపై ఆధారపడి రూపొందింది. గొర్రుతో విత్తి గుంటకతో అంతరసేద్యం చేసే ఈ పద్ధతిలో ఒక జత ఎద్దులతో ఎక్కువ విస్తీర్ణాన్ని సాగు చేయవచ్చు. ఎరువు అవసరం తక్కువ. జొన్న మనిషికి తిండి, చొప్ప పశువుకు మేత. వాన ఒక మోస్తరుగా కురిసిన ఏడు ఈ సేద్యం రైతును అప్పుల పాలు కానీయదు. వాన పూర్తిగా తప్పిన ఏడు మాత్రం దానికి ఏ రక్షణా లేదు. మెట్ట సేద్యపు బలమూ బలహీనతా ఈ రెండు వాక్యాల్లోనే ఉన్నాయి.

కాలువకు పూర్వపు నీటి వ్యవస్థ

రాయలసీమ రైతుకు పారుదల కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం ఇందుకు ప్రబల సాక్ష్యం. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఈ సంస్కృత శాసనం చెరువు నిర్మాణ శాస్త్రాన్నే పొందుపరచింది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, తొలగించవలసిన ఆరు దోషాలను అది పేర్కొంటుంది. ప్రతిదినం వేయిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండు సంవత్సరాల శ్రమ ఆ చెరువుకు పట్టినట్లు చెబుతుంది. దోషాల పట్టికలో రెండు ప్రత్యేకంగా గమనించదగినవి. నీరు తక్కువై పారవలసిన నేల ఎక్కువ కావడం ఒక దోషం. నేల తక్కువై నీరు ఎక్కువ కావడం మరొక దోషం. నీటికీ నేలకూ పొత్తు కుదరాలన్న ఈ సూత్రాన్ని విస్మరించడం వల్ల ఐదు వందల ఏండ్ల తరువాత ఇదే ప్రాంతంలో ఎంత నష్టం కలిగిందో ముందు ముందు స్పష్టమవుతుంది.

నిర్మాణంతో పాటు పోషణకూ దేశీయ వ్యవస్థ ఉండేది. సొంత ఖర్చుతో చెరువు తవ్వించిన వారికి, లేదా దానిని మరమ్మతు చేయించే బాధ్యత తీసుకొన్నవారికి ఆయకట్టులో కొంత భాగాన్ని ఇనాముగా ఇచ్చే పద్ధతిని దశబంధం అనేవారు. కడప, కర్నూలు ప్రాంతాల్లో ఇది విరివిగా వ్యాపించి ఉండేది. ఇందులోని ఆర్థిక తర్కం గమనించదగినది. దశబంధదారుకు దక్కే ప్రతిఫలం చెరువు కింద పండే పంటపై ఆధారపడి ఉంటుంది. కట్ట తెగితే అతని ఇనాము కూడా ఎండుతుంది. పెట్టుబడి పెట్టినవాడు, దాని ఫలితాన్ని అనుభవించేవాడు ఒకే ఊరి మట్టికి కట్టుబడి ఉన్నారు. ఈ వ్యవస్థ సంపూర్ణమైనదని కాదు. పెద్ద కరవులో చెరువులు కూడా ఎండేవి, ఇనాముల పంపకంలో కులబలానికీ పలుకుబడికీ చోటుండేది. అయినా నష్టభయం పెట్టుబడిదారును విడిచిపోలేదన్నది ముఖ్యం.

మద్రాసు ఇరిగేషన్ కంపెనీ – ఐదు శాతం హామీ

ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) సాధించిన విజయంతో సర్ ఆర్థర్ కాటన్ పేరు ఇంగ్లండులో మారుమోగింది. రైలు మార్గాల కంటే నౌకాయాన యోగ్యమైన కాలువలే ఈ దేశానికి చవకైనవనీ, అవి సాగుకూ సరుకు రవాణాకూ ఒకేసారి ఉపకరిస్తాయనీ ఆయన దృఢంగా విశ్వసించాడు. తుంగభద్రను పెన్నా నదితో కలిపి, తూర్పున నెల్లూరు తీరం వరకు పడవలు నడిచే మార్గాన్ని నిర్మించాలన్నది ఆయన సంకల్పం. ఈ సంకల్పాన్ని అమలుపరచడానికి 1858లో లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. పది లక్షల పౌండ్ల మూలధనంపై ఏటా ఐదు శాతం వడ్డీ చెల్లిస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది.

ఈ హామీ స్వభావాన్ని నిదానంగా పరిశీలించాలి. కాలువలో నీరు పారినా పారకపోయినా, రైతు ఒక్క ఎకరం తడిపినా తడపకపోయినా, వాటాదారులకు సంవత్సరానికి 50,000 పౌండ్లు అందుతాయి. ఆ మొత్తాన్ని భారత రాబడి నుంచి, అంటే ప్రధానంగా భూమిశిస్తు నుంచి చెల్లించాలి. పౌనుకు పది రూపాయల మారకం ఉన్న రోజుల్లో ఇది ఐదు లక్షల రూపాయలు. 1870ల తరువాత వెండి విలువ పడిపోయిన కొద్దీ అదే 50,000 పౌండ్లకు మరిన్ని రూపాయలు కట్టవలసి వచ్చింది. రైలు కంపెనీలకు ఇదివరకే అమలులో ఉన్న హామీ పద్ధతిని నీటిపారుదలకు విస్తరించిన సందర్భమిది. ఒరిస్సాలో కాలువలు చేపట్టిన ఈస్టిండియా ఇరిగేషన్ కంపెనీకి ఇటువంటి హామీ లభించలేదు. ఆ కంపెనీ కష్టాల్లో పడి, అచిరకాలంలోనే ప్రభుత్వపరమైంది. హామీ ఉన్నందువల్లనే కర్నూలు కంపెనీ ఎక్కువ కాలం మనగలిగింది.

కర్నూలుకు ఎగువన తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, 1863–1870 మధ్య కాలువను తవ్వారు. హంద్రీ నదిని అక్విడక్టుపై దాటి, మిట్టకందాల వద్ద కృష్ణా, పెన్నా పరీవాహక ప్రాంతాలను వేరుచేసే గట్టును లోతుగా కోసి, కుందూ లోయలోకి దిగి, రాజోలి, ఆదినిమ్మాయపల్లి ఆనకట్టల మీదుగా కడప చేరే ఈ కాలువ పొడవు సుమారు 190 మైళ్లు. ఇంజనీరింగు దృష్టితో ఇది సామాన్యమైన నిర్మాణం కాదు. ఖర్చు మాత్రం అంచనాలను దాటింది. 1866 నాటికే మూలధనం హరించుకుపోయి, ప్రభుత్వం మరో ఆరు లక్షల పౌండ్లు సమకూర్చవలసి వచ్చింది. నెల్లూరు తీరానికి చేరాలన్న సంకల్పం కడపతో ఆగిపోయింది. ఇంతలో మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా సాగిన రైలు మార్గం 1871 నాటికి రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. అదీ హామీ పెట్టుబడితో వేసినదే. ఫలితంగా హామీ పొందిన ఒక పెట్టుబడి హామీ పొందిన మరొక పెట్టుబడి రవాణా ఆశలను అడుగంటించింది. రెండింటి వడ్డీని భరించింది ఒకే భూమిశిస్తు.

ఈ పథకంపై లండన్‌కు, మాంచెస్టరుకు ఇంత ఆసక్తి ఎందుకు కలిగిందో కూడా గుర్తించాలి. మాంచెస్టరులో 1857లో కాటన్ సప్లై అసోసియేషన్ ఏర్పడింది. 1861–1865 నాటి అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైరు మిల్లులకు దూది కరవైంది. దత్తమండలాల నల్లరేగడి పత్తి నేలగా అప్పటికే పేరు పొందింది. కాలువ ప్రయోజనాల గురించి జరిగిన ఆనాటి చర్చల్లో స్థానిక రైతు ఆహార భద్రత ఎంత ప్రస్తావనకు వచ్చిందో, రేవుకు చేరవలసిన దూది అంతకంటె ఎక్కువగా ప్రస్తావనకు వచ్చింది.

రైతు నీటిని ఎందుకు నిరాకరించాడు

కాలువ సిద్ధమైంది. నీరు వచ్చింది. తీసుకొనే రైతు మాత్రం కరవయ్యాడు. పారుదల కోసం ఉద్దేశించిన విస్తీర్ణంలో స్వల్ప భాగమే సాగులోకి రావడం వల్ల కంపెనీకి నీటి తీర్వ ద్వారా చెప్పుకోదగిన ఆదాయం రాలేదు. నాటి అధికారులు దీనిని రైతుల మూర్ఖపు పట్టుదలగా భావించారు. రైతు లెక్కను రైతు వైపు నుంచి వేసి చూస్తే వేరొక చిత్రం కనబడుతుంది.

మొదటిది, నేల. నల్లరేగడికి కావలసినది మితమైన తడి. ఆ నేలలో వరికి వలె నీరు నిలవగడితే మెట్ట పైరు దెబ్బతింటుంది, మురుగుపోయే దారిలేని చోట నేల చౌడుబారుతుంది. గోదావరి డెల్టాలో విజయవంతమైన పద్ధతిని కుందూ లోయకు యథాతథంగా తరలించడంలోని లోపం ఇదే. డెల్టా రైతు తరి సేద్యానికి అలవాటు పడినవాడు. రాయలసీమ రైతు తన నేల తత్త్వాన్ని బట్టి తరిని చెరువు కింది కొద్దిపాటి మడులకు పరిమితం చేసుకొన్నవాడు.

రెండవది, పెట్టుబడి. మెట్ట చేనును తరి మడిగా మార్చడానికి నేలను చదును చేయాలి, గట్లు వేయాలి, పిల్లకాలువలు తవ్వుకోవాలి. ఎరువు, అదనపు ఎద్దులు, నాట్లకూ కలుపుకూ కూలీలు కావాలి. ఈ ఖర్చు రైతుది. దీనికి ఐదు శాతం కాదు గదా, అర శాతం హామీ కూడా ఎవరూ ఇవ్వలేదు. సాహుకారు వద్ద తెచ్చుకొనే అప్పు ఒక్కటే దారి.

మూడవది, తీర్వ. మెట్ట శిస్తుతో పోలిస్తే నీటి తీర్వ అనేక రెట్లు ఎక్కువ. వాన బాగా పడిన ఏడు కాలువ నీరు అనవసరం, దానికి తీర్వ కట్టడం దండుగ. వాన తప్పిన ఏడు నీరు అవసరమే, కాని ముందుగా మడి కట్టుకోనివానికి ఆ నీటితో పూర్తి ప్రయోజనం సిద్ధించదు. నాల్గవది, ఆరోగ్యం. కాలువ వెంబడి చలిజ్వరాలు ప్రబలి గ్రామాలను పీడించాయి. పొలానికి వచ్చిన నీరు ఇంటిలో కూలి చేసే చేతులను మంచాన పడవేస్తే రైతుకు మిగిలేది నష్టమే.

ఈ నాలుగు కారణాలను కలిపి చూస్తే రైతు నిరాకరణ వెనుక అజ్ఞానం కాక ఆచితూచి వేసుకొన్న లెక్క ఉన్నదని స్పష్టమవుతుంది. పథకంలో కొంత భాగాన్ని మాత్రమే నిర్మించి ఫలితాన్ని కొలవడం న్యాయం కాదన్న కాటన్ పక్షపు వాదనలో కొంత సత్యం లేకపోలేదు. అయితే పథకం పూర్తయినా పై నాలుగు కారణాలూ అలాగే ఉండేవి.

ధాత కరవు – కాలువకు పరీక్ష

1876–1878 నాటి మహాక్షామం, ప్రజల నోట ధాత కరవు, ఈ వాదానికి కఠినమైన పరీక్ష. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ క్షామంలో తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనాభా సుమారు 9.14 లక్షలు. 1881 నాటికి అది సుమారు 6.79 లక్షలకు పడిపోయింది. చావులూ వలసలూ కలిసి పదేండ్లలో జిల్లా తన జనంలో నాలుగవ వంతును కోల్పోయింది. సహాయ పనుల్లో కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా అన్న సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయం అమలైనది ఈ ప్రాంతాల్లోనే. దానిపై విలియం డిగ్బీ మొదలైనవారు తీవ్ర విమర్శలు చేశారు.

వానలు తప్పిన ఆ కాలంలో కె.సి. కాలువ నీటికి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. అందుబాటులో ఉన్న రైతులు తమ మెట్ట పైర్లకు కూడా నీరు పెట్టుకొన్నారు. వానలు తిరిగి కురవగానే ఆ విస్తీర్ణం మళ్లీ తగ్గింది. మూర్ఖత్వమే నిరాకరణకు కారణమైతే కరవులో కూడా నీరు తీసుకొని ఉండకూడదు. అవసరమైనప్పుడు తీసుకొని, అవసరం తీరినప్పుడు మానడం రైతు విచక్షణకు నిదర్శనం. ఆ కాలువ ప్రాణరక్షణకు పనికివచ్చింది, లాభార్జనకు పనికిరాలేదు. ఆ రెంటికీ గల తేడాను ఐదు శాతం లెక్క పట్టించుకోలేదు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఎదుట కాటన్ పథకాలు విచారణకు వచ్చినప్పుడు ఈ కాలువ జమాఖర్చులు సహజంగానే ప్రతికూల సాక్ష్యాలయ్యాయి. చివరకు 1882లో ప్రభుత్వం కాలువను కంపెనీ నుంచి కొనుగోలు చేసింది. ఆ భారమూ భారత రాబడి పద్దులోనే చేరింది. రాయలసీమ రైతుకు చేరని లాభం రాయలసీమతో సహా దేశమంతటి రైతుకు అప్పుగా మిగిలింది.

సూడాన్‌తో పోలిక

ఈ అనుభవపు విశిష్టత ఆఫ్రికాలోని ఒక సమాంతర పథకంతో పోల్చినప్పుడు మరింత తేటపడుతుంది. సూడాన్‌లో నీలి నైలు నదిపై సెన్నార్ ఆనకట్ట 1925లో పూర్తయి గెజీరా పథకం ఆరంభమైంది. అక్కడ కూడా మూలం లాంకషైరుకు కావలసిన దూదియే. అక్కడ కూడా అప్పుకు హామీ ఉంది, 1913లో బ్రిటిష్ ప్రభుత్వమే సూడాన్ ఋణానికి పూచీ పడింది. నిర్వహణ సూడాన్ ప్లాంటేషన్స్ సిండికేట్ అనే లండన్ కంపెనీ చేతికి వచ్చింది.

పోలిక ఇంతటితో ఆగుతుంది. గెజీరాలో 1921 నాటి శాసనంతో ప్రభుత్వం భూములను యజమానుల నుంచి దీర్ఘకాలిక కౌలుకు తీసుకొని, ఖండాలుగా విభజించి సాగుదార్లకు పంచింది. ఏ పంట, ఎప్పుడు, ఎంత అన్నది పథకం నిర్ణయించింది. పత్తి వేయడం తప్పనిసరి. రాబడిలో సాగుదారు వాటా నలభై శాతం. నీటిని నిరాకరించే అవకాశం ఆ రైతుకు లేదు. అందువల్ల గెజీరా కంపెనీ లెక్కల్లో విజయవంతమైంది. 1930ల్లో పత్తి ధర కూలినప్పుడు అదే నిర్బంధం సాగుదార్లను అప్పుల్లో ముంచింది. రాయలసీమలో రైతువారీ పట్టా, ఎన్ని లోపాలున్నా, పంటను ఎంచుకొనే స్వేచ్ఛను రైతుకు మిగిల్చింది. ఆ స్వేచ్ఛ ఉన్నచోట కంపెనీ నష్టపోయింది. అది లేనిచోట లాభపడింది. వెలుపలి పెట్టుబడి జయాపజయాలను దాని జమాఖర్చుల నుంచి మాత్రమే నిర్ణయించరాదనడానికి ఈ పోలిక చాలు.

స్వాధీనానంతర పరిణామం

ఇరవయ్యవ శతాబ్దంలో కాలువ కథ మలుపు తిరిగింది. ఆయకట్టులో క్రమంగా మడులు ఏర్పడ్డాయి, వరి వ్యాపించింది, వర్తక మార్గాలు పెరిగాయి. ఒకప్పుడు తీసుకొనేవారు లేని నీటి కోసం తరువాతి తరాలు పోరాడవలసి వచ్చింది. 1928 నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పొందిన ఈ ప్రాంతం, 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణా, పెన్నా జలాల వినియోగంలో ప్రాధాన్యాన్ని ప్రధానమైన కోర్కెగా నిలిపింది. బచావత్ ట్రిబ్యునల్ తన తీర్పులో కె.సి. కాలువకు 39.9 టి.ఎం.సి.ల నీటిని గుర్తించింది. దాదాపు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టుకు ఇదే ఆధారం. లండన్ కంపెనీ తవ్విన కాలువ తరువాతి కాలంలో స్థానికులకు న్యాయబద్ధమైన జలహక్కుగా పరిణమించడం చరిత్రలోని ఒక విపర్యయం.

పెట్టుబడి విషయంలోనూ చరిత్ర మరొక రూపంలో తిరిగి వచ్చింది. కాలువ ఆధునికీకరణకు 1996లో జపాన్ ప్రభుత్వ ఆర్థిక సహకార నిధి నుంచి ఋణం లభించింది. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చి, కాలువ నిర్వహణలో రైతుకు, కనీసం సూత్రప్రాయంగా, స్థానం కల్పించింది. 1858కీ 1996కీ ఉన్న తేడాను ఇక్కడ గుర్తించాలి. మొదటిసారి రైతుకు నీరు కావాలో వద్దో ఎవరూ అడగలేదు. రెండవసారి నీటి అవసరం ముందే రుజువై ఉంది, హక్కు ముందే స్థిరపడి ఉంది. వెలుపలి డబ్బు ఒక స్థానిక అవసరాన్ని అనుసరించింది. అయినా కడప జిల్లాలోని చివరి ఆయకట్టుకు నీరు చేరని సమస్య మిగిలే ఉంది. గట్లకు సిమెంటు పూసినంత మాత్రాన పంపకంలో సమత్వం రాదు.

ముగింపు

కర్నూలు–కడప కాలువ చరిత్ర వెలుపలి పెట్టుబడిని సమూలంగా తిరస్కరించమని చెప్పదు, శిరసావహించమనీ చెప్పదు. పెట్టుబడికి లభించిన హామీ, నేలకూ రైతుకూ లభించని హామీ, ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని కొలవమని చెబుతుంది. దశబంధదారు తాను కట్టిన చెరువు ఎండితే తానూ ఎండేవాడు. లండన్ వాటాదారుకు ఆ భయం లేదు కనుక కుందూ లోయ నేల తత్త్వాన్ని తెలుసుకోవలసిన అవసరమూ కలుగలేదు. రైతు ఆ నేలను తెలిసినవాడు కనుకనే నీటిని మొదట నిరాకరించాడు, కరవులో తీసుకొన్నాడు, తన చేతికి అందేలా పరిస్థితులు మారిన తరువాత దానిని తన హక్కుగా చేసుకొన్నాడు. నేల తక్కువై నీరు ఎక్కువ కావడం దోషమని పోరుమామిళ్ల శాసనం చెప్పింది. అక్కడ నేల అంటే విస్తీర్ణం మాత్రమే. సాగుకు సిద్ధపడిన నేల అని ఆ మాటకు అర్థాన్ని విస్తరిస్తే, 1858 నాటి పథకకర్తలు గమనించని విషయం అదే. నేటి ప్రాజెక్టుల రూపకల్పనలోనూ నీటి లెక్కకు ముందుగా ఆ నేల లెక్క తేలవలసి ఉంది.